గుమ్మెటకు మన గుమ్మంలో చోటు లేదా?



సాధారణంగా ఛందస్సు, సంధులు, పాత నిఘంటువులు అంటూ కాలక్షేపం చేసే ఈ పండితుడు ఈసారి కయ్యానికి కాలుదువ్వుతున్నాడు. ముందుగా నాతోనే నాకు కయ్యం. ఆ తర్వాత నావంటి తెలుగు పండితులతో. అటుపిమ్మట “పాట కూడు పెడుతుందా?” అంటూ పిల్లల నోళ్ళు మూయించే గృహస్థులందరితోను. విజ్ఞులైన చదువరులు ఓపికతో చదివి, తప్పనిపిస్తే తప్పని చెప్పండి. మొగమాటం అక్కరలేదు.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి కుటుంబంతో గుమ్మలక్ష్మీపురం వచ్చాడు. వాడి ఉద్యోగం గోవాలోని వాస్కోలో. కోడలు అక్కడి పిల్లే, ఇంటిభాష కొంకణి. విజయనగరంలో రైలు దిగి, అక్కడినుండి పార్వతీపురం మీదుగా మా కొండల్లోకి వచ్చేసరికి అందరూ అలసిపోయారు, మా మనవరాలు తప్ప. దాని చేతిలో పాతచీర చుట్టిన మూట ఒకటి ఉంది. దారి పొడుగునా ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. వసారాలో కూర్చుని విప్పితే మట్టికుండ! రెండు మూతులున్నాయి. పెద్దమూతికి తోలు బిగించి ఉంది, చిన్నమూతి ఖాళీ. కుండను చంకలో ఇరికించుకుని కుడిచేత్తో తోలుమీద కొడుతూ, ఎడమ అరచేత్తో ఆ చిన్నమూతిని మూస్తూ తెరుస్తూ ఉంటే నాదం లోతుగా, గుండెల్లో మోగినట్టుగా వచ్చింది.

“దీని పేరు ఘుమట్ తాతయ్యా!” అంది.

“మా బుర్రకథలోని గుమ్మెటే కదమ్మా ఇది!” అన్నాను నేను, ఆశ్చర్యం ఆపుకోలేక.

పండక్కి వచ్చిన మా బావమరిది మాత్రం మొహం చిట్లించాడు. “బావగారూ, పండితుల ఇంట్లో ఇదేం వాద్యమండీ? బుర్రకథలవాళ్ళు ఊరూరా తిరుగుతూ వాయించేదాన్ని ఆడపిల్ల చేతికిస్తారా? నేర్పితే వీణ నేర్పించండి. లేకపోతే లెక్కలు చెప్పించండి. గోవాలో ఉంటే ఇలాంటివే అబ్బుతాయి. అక్కడేముంది, సముద్రమూ సారాయీ తప్ప!”

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఏమీ అనలేదు. నేను వెంటనే సమాధానం చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. కారణం చెబుతాను. ఆ మాటలు నాకు కొత్త కాదు. ముప్పయ్యేళ్ళకు పైగా అవి నా నోటివెంట వచ్చినవే.

*

ఆనాడు చెప్పలేకపోయిన సమాధానం ఇప్పుడు చెబుతాను. ముందు గోవా సంగతి.

సముద్రమూ సారాయీ తప్ప ఏమీ లేదన్న ఆ నేలమీద, ఫోండా తాలూకాలోని కేరి అనే పల్లెలో 1892లో కేసర్‌బాయి కేర్కర్ పుట్టింది. దేవాలయసేవలో ఆడిపాడిన కళావంతుల కుటుంబం. అల్లాదియా ఖాన్ వద్ద ఏళ్ళతరబడి శిష్యరికం చేసి దేశమంతటా మన్ననలందుకుంది. 1977లో అమెరికావారు వాయేజరు నౌకలను అంతరిక్షంలోకి పంపుతూ, భూలోకవాసుల ఆనవాలుగా బంగారుపూత పూసిన పళ్ళాలపై కొన్ని ధ్వనులను, సంగీతాన్ని నమోదు చేశారు. ఆ సంగీతంలో ఆమె పాడిన భైరవి ఒకటి; మూడున్నర నిముషాల పాట. సెప్టెంబరు 5న వాయేజరు-1 నింగికెగిరింది. అదేనెల 16న ఆమె కన్నుమూసింది. 2012లో ఆ నౌక సూర్యుని ప్రభావమండలాన్ని కూడా దాటిపోయింది. మనం గడప దాటనివ్వని కులాలవారి కంఠం సౌరమండలపు గడప దాటిందన్నమాట!

అదే గోవాలో కుర్డి అనే ఊరినుండి వచ్చింది మోగుబాయి కుర్డీకర్. సలావులిం జలాశయం కట్టినప్పుడు ఆ ఊరు మునిగిపోయింది. ఏటా ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు కొన్నాళ్ళపాటు బయటపడుతుంది. అప్పుడు పాతకాపులంతా వెళ్ళి తమ గుళ్ళను, ఇళ్ళ పునాదులను చూసుకుంటారు. ఊరు మునిగింది గాని ఆ ఊరి పేరు పెట్టుకున్న తల్లి నేర్పిన పాట మునగలేదు. ఆమె కూతురే కిశోరీ అమోన్కర్. తల్లే గురువు. ఆ పాఠాలన్నీ ఇంటిపనుల నడుమ, తల్లికూతుళ్ళ అలకల నడుమ సాగినవే కదా! సంగీతం ఇంట్లో పెరగడమంటే అది.

ఇక క్రైస్తవుల ఇళ్ళ సంగతి. గోవాలో చర్చిని అంటిపెట్టుకుని బడులు ఉండేవి. అక్కడ పిల్లవాడికి అక్షరాలతోపాటు స్వరలిపి చదవడం, వయొలిన్ పట్టడం కూడా నేర్పేవారు. కాపు కొడుకైనా, వడ్రంగి కొడుకైనా కాగితం చూసి పాడగలిగేవాడు. ఆ బడుల చలవే బొంబాయి సినిమా వాద్యబృందాలు. సెబాస్టియన్ డిసౌజా, చిక్ చాకొలేట్, ఫ్రాంక్ ఫెర్నాండ్ వంటివారెందరో అలా వెళ్ళినవారే. మన ఇళ్ళల్లో అందరూ కూనిరాగాలు తీసే పాత హిందీపాటల వెనుక వయొలిన్ల వరుస, ట్రంపెట్టు విరుపు చాలావరకు వారివే. మజోర్డా గ్రామంలో 1927లో పుట్టిన ఆంథొనీ గోన్సాల్వెస్ వద్ద వయొలిన్ నేర్చుకున్నవాడే లక్ష్మీకాంత్-ప్యారేలాల్ జంటలోని ప్యారేలాల్. ఆ శిష్యుడు తన గురువు పేరును పల్లవిలో నిలిపిన పాట అమర్ అక్బర్ ఆంథొనీ చిత్రంలో 1977లోనే వచ్చింది. దేశమంతా ఆ పేరును పాడింది; అది నిజంగా ఒక గురువు పేరని ఎందరికి తెలుసు?

“పాట కూడు పెడుతుందా?” అన్నవారికి ఇది మొదటి జవాబు. పెట్టింది. ఎన్నో గోవా కుటుంబాలకు పెట్టింది. పెట్టనిది పేరు. తెరమీద సంగీత దర్శకుని పేరు పడేది, వాయించినవాడి పేరు పడేది కాదు. ఆ లోపం పాటది కాదు, పేరు వేయనివారిది.

*

ఘుమట్ సంగతికి వస్తాను. గణేశచతుర్థినాడు హిందువుల ఇళ్ళల్లో హారతిపాటలకు ఇదే కుండ మోగుతుంది. క్రైస్తవుల పెళ్ళిళ్ళలో ‘మాండొ’ అనే కొంకణి పాటకు, వయొలిన్ పక్కన ఇదే కుండ మోగుతుంది. రెండు మతాలకు ఒకే కుండ. మాండొ వేదికకోసం పుట్టిన పాట కాదు. ఇంటి పెద్దహాలులో చుట్టాలు పక్కాలు చేరి, వరుసలుగా నిలబడి, మెల్లగా అడుగులు వేస్తూ పాడుకునేది. అందులో వలపు ఉంటుంది, ఎడబాటు ఉంటుంది. లౌటోలి గ్రామస్థుడు తొర్క్వాతో ద ఫిగైరెదో కట్టిన వీడ్కోలు మాండొ మా కోడలు ఒకసారి సన్నగా పాడితే, భాష తెలియకపోయినా మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “మన అప్పగింతల పాటలాగే ఉందే!” అంది.

ఈ పాటలు సుఖంగా నిలవలేదు సుమా! 1684లో గోవాలోని పోర్చుగీసు రాజప్రతినిధి, ప్రజలు కొంకణి మాని మూడేళ్ళలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని ఆజ్ఞ జారీచేశాడు. 1736లో మతవిచారణ న్యాయస్థానం క్రైస్తవుల పెళ్ళివేడుకల్లో పాత ఆచారాలను నిషేధిస్తూ ‘ఓవీ’ పాటలను కూడా ఆ పట్టికలో చేర్చింది. మన తిరగటిపాటల వంటివే ఓవీలు. అయినా కొంకణి చావలేదు. 1987లో గోవాకు అధికారభాష అయింది. 1992లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలుకెక్కింది. రాజశాసనం వీధివరకే వచ్చింది. వంటింట్లోకి, ఉయ్యాల దగ్గరకు రాలేకపోయింది. అక్కడ అమ్మమ్మలు పాడుతూనే ఉన్నారు.

ఇంకొక ముచ్చట. ఘుమట్‌కు పూర్వం ఉడుముతోలు బిగించేవారు. 1972నాటి వన్యప్రాణి రక్షణచట్టం క్రింద ఉడుమును చంపడం నేరం. అందుకని మేకతోలు బిగించడం మొదలుపెట్టారు. మా మనవరాలి కుండకు ఉన్నదీ మేకతోలే. నాదంలో కాస్త తేడా ఉందని పాతవారు అంటారట. ఉంటే ఉండనీ. తోలు మార్చారు గాని కుండను పారేయలేదు! సంప్రదాయాన్ని నిలుపుకోవడమంటే ఇది. మనమో, కాలం మారిందన్న నెపంతో తోలునూ కుండనూ కలిపి పెంటమీదికి విసిరేశాం. లేదా ఏదీ మారరాదని పట్టుబట్టి అటకెక్కించాం. 2019లో గోవా ప్రభుత్వం ఘుమట్‌ను రాష్ట్ర వారసత్వ వాద్యంగా ప్రకటించింది. సంతోషమే. కాని ప్రకటన దానంతట అది మోగదు. పదేళ్ళ పిల్ల చంకలో పెట్టుకుంటేనే మోగుతుంది.

మన గుమ్మెట చరిత్ర మాత్రం ఏం తక్కువ? బుర్రకథలో నడుమ కథకుడు తంబుర మీటుతూ అందెలు మోగిస్తూ కథ నడిపితే, ఇరుపక్కలా వంతలు వాయించేది గుమ్మెటలే. షేక్ నాజర్ గొంతుకు తోడై తెలుగునేలను ఉర్రూతలూగించిన వాద్యమది. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. పద్మశ్రీ ఇచ్చిన వాద్యాన్ని మా వసారాలో పెట్టుకోవడానికి మా బావమరిదికి నామోషీ! ఘుమట్, గుమ్మెట అన్న మాటల చుట్టరికాన్ని తేల్చే పని నిఘంటుకారులకు వదిలేస్తున్నాను. చెవికి తెలిసిన చుట్టరికం నాకు చాలు.

*

ఇప్పటిదాకా గోవాను అడ్డం పెట్టుకుని మా బావమరిదిని దులిపాను. అది తేలిక. ఇక నా వంతు.

సంక్రాంతి ముక్కనుమనాడు నా పాత శిష్యుడొకడు చూడవచ్చాడు. సవరబిడ్డ. యాభైకి దగ్గరపడ్డాడు, పార్వతీపురంలో చిన్న ఉద్యోగం. వసారాలో కుర్చీ వేశాను. లోపల మనవరాలు ఘుమట్ వాయిస్తోంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే అతని వేళ్ళు కుర్చీచేతిమీద దరువు వేయడం మొదలుపెట్టాయి. పిల్ల వాయిస్తున్న దరువు కాదది, వేరేది. దానికి ఇది అల్లుకుపోతోంది. పిల్ల బయటికి వచ్చి వింత చూసింది.

“పాట కూడా ఉందా దానికి?” అని అడిగాను.

ఉందన్నట్టు తలూపి రెండు చరణాలు సవరభాషలో పాడాడు. గొంతు సన్నగా ఉంది. మూడోదానికి వచ్చేసరికి ఆగిపోయాడు.

“మిగతాది రాదు మేస్టారూ. అమ్మకి వచ్చు. అమ్మ పోయి ఆరేళ్ళయింది.”

అప్పుడు నాకు గుర్తువచ్చింది. 1988. కొండల్లోని ఒక ఆశ్రమపాఠశాలలో కొత్తగా చేరిన పండితుణ్ణి. భాషాప్రవీణ పూర్తిచేసి, పండితశిక్షణ ముగించి, నన్నయనూ తిక్కననూ అడవిలో నాటివస్తానన్న ఆవేశంతో వచ్చాను. ఒకరాత్రి చదువువేళ ఎనిమిదో తరగతి పిల్లవాడు రేకుపెట్టె మూతమీద దరువువేస్తూ ఇదే పాట పాడుతున్నాడు. పదిమంది పిల్లలు వంత. “ఏమిటీ అడవి కూతలు?” అని బెత్తం తీశాను. వాడి అరచేతులు వాచాయి. వాడిచేత నీతిపద్యం ఒకటి నూరుసార్లు వల్లె వేయించాను. మర్నాడు తోటి ఉపాధ్యాయుల ముందు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

“ఆరోజు నేను కొట్టినందుకు మానేశావా?” అని అడిగాను. అడగడానికి నోరు పెగలలేదు.

“దెబ్బలకి కాదు మేస్టారూ. దెబ్బలు అందరూ కొట్టేవారు. మీరు తెలుగు మేస్టారు కదా, పాటలు తెలిసినవారు. మీరే కూతలన్నాక సిగ్గేసింది. సెలవులకి ఇంటికెళితే అమ్మ పాడుతుంటే బయటికి పోయేవాణ్ణి.”

కోపంగా అనలేదు. మామూలుగానే చెప్పాడు. “మా అబ్బాయికి ఈ రెండు ముక్కలు కూడా రావు. ఆదివాసీ దినోత్సవానికి మాత్రం స్టేజీ ఎక్కి డేన్సు చేస్తాడు. పాట పెన్‌డ్రైవులో పెడతారు” అని నవ్వాడు.

పోర్చుగీసు రాజప్రతినిధి శాసనం కొంకణి వంటింట్లోకి చొరబడలేకపోయింది. నా మాట సవర వంటింట్లోకి చొరబడింది. పాడుతున్న తల్లినుండి బిడ్డను లేవదీసుకుపోయింది. శాసనం చేయలేని పని ఒక పండితుని వెటకారం చేసింది. ఇది నా ఒక్కడి పాపమే అయితే ఇంట్లో కూర్చుని ఏడ్చేవాణ్ణి. కాని ఈ మాట అన్న పండితుణ్ణి నేనొక్కణ్ణేనా?

*

పండిత సోదరులు చెప్పే సమర్థనలు నాకు కంఠస్థం. నేనూ చెప్పినవే.

“వాళ్ళ మేలుకోరే కదా తెలుగు నేర్పాం! తెలుగు, ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగాలెలా వస్తాయి?” నిజమే, తెలుగు నేర్పాలి. నేర్పినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆ శిష్యుడు ఈనాడు ఉద్యోగం చేస్తున్నాడంటే ఆ చదువే కారణం. కాని తెలుగుపద్యం చెవికెక్కాలంటే సవరపాట గొంతులో చావాలని ఏ శాస్త్రం చెప్పింది? రేకుపెట్టెమీద అంత చక్కగా తాళం తప్పకుండా దరువు వేసినవాడికి ఛందస్సు నేర్పడం ఎంత తేలిక! వాడికి గణవిభజన ఆ పెట్టెమీదనే నేర్పి ఉండవచ్చు. నాకు తోచలేదు. బెత్తమే తోచింది.

ఏటా ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తిగారి పటానికి దండవేసి తెలుగుభాషా దినోత్సవం జరుపుతాం. ఉపన్యాసాల్లో గ్రాంథిక, వ్యావహారిక వాదాల ఊసు తప్పదు. ఆ మహానుభావుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై ఉండి ముందుగా సవర నేర్చుకున్నాడు. సవరవారిని తన ఇంట్లో కూర్చోబెట్టుకుని నేర్చుకున్నాడు. సవరపిల్లలకు సవరలోనే వాచకాలు రాశాడు, బడులు పెట్టించాడు. వారి కథలు, పాటలు సేకరించాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆయన మెళ్ళో దండవేసిన చేత్తోనే సవరబిడ్డను కొట్టినవాణ్ణి నేను. గిడుగువారిని సగమే చదివాను. మనలో చాలామంది సగమే చదివారు.

“ఇప్పుడు ప్రభుత్వమే చూసుకుంటోంది కదా!” అన్నది రెండో సమర్థన. చూసుకోవలసిందే. 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజనభాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టారు. సవర, కువి అందులో ఉన్నాయి. మంచిపని. ఉత్సవాల్లో థింసా ఆడిస్తారు, అతిథులు కూడా చేతులు కలిపి నాలుగడుగులు వేస్తారు, ఫొటోలు పడతాయి. తప్పు పట్టను. కాని కందికొత్తల పండుగనాడు ఊళ్ళో తుడుము మోగి, ఆడవాళ్ళు వరుసకట్టి పాడుతుంటే పక్కన నిలబడి నోరు కదిపే పసిపిల్ల ఉన్నంతవరకే వేదికమీది ఆటకు ప్రాణం. ఆ పిల్ల లేనినాడు వేదికమీద మిగిలేది అలంకారం.

“మరి శాస్త్రీయసంగీతం గొప్పది కాదా?” అన్నది మూడోది. గొప్పదే. 1919లో విజయనగరంలో సంగీతకళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుని చేసిన నేల మాది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విన్న నేల మాది. వయొలిన్ మాత్రం ఎక్కడిది? పడమటినుండి వచ్చినదే కదా! దాన్ని నేలమీద కూర్చుని ఒళ్ళో నిలబెట్టుకుని మనదిగా చేసుకున్నాం. సముద్రాలు దాటివచ్చిన వాద్యానికి పీట వేశాం, పొరుగుకొండ దిగివచ్చిన తుడుముకు గుమ్మంలో చోటివ్వలేదు. ఇది సంగీతాభిమానం కాదు. ఎవరు వాయిస్తున్నారో చూసి చెవులు మూసుకోవడం.

*

చెప్పవలసినది చెప్పాను. ఇక చేయవలసినది.

పాటను కాపాడేది అకాడెమీ కాదు, పుస్తకం కాదు, పెన్‌డ్రైవు అసలే కాదు. అవన్నీ తోడు మాత్రమే. రోజూ జరిగే ఇంటిపనిలో, బిడ్డ చెవిన పడేలా, ఎవరూ వెక్కిరించరన్న ధీమాతో పాడుకుంటేనే పాట నిలుస్తుంది. సిగ్గుపడ్డ ఇంట్లో ఒక్కతరంలో చస్తుంది. గోవా నేర్పే పాఠం ఇదే. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన నేను ఈ పాఠం మనవరాలి కుండదగ్గర నేర్చుకున్నాను. ఆలస్యమే. ఒప్పుకుంటున్నాను.

అందుచేత మిత్రులకు నా విన్నపం. మీ ఇంట్లో అందరికంటే పెద్దావిడ ఎవరో ఆవిణ్ణి ఈరోజే అడగండి. తిరగటిపాటో, లాలిపాటో, అల్లోనేరేళ్ళో, ఏదో ఒకటి పూర్తిగా పాడించుకోండి. రాసిపెట్టుకోవడం తర్వాత సంగతి, ముందు ఇంట్లో పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టండి. “గొంతు బాగాలేదు” అంటుంది. బాగానే ఉందని చెప్పండి. ఉపాధ్యాయ మిత్రులకు ఇంకొక మాట: మీ తరగతిలో ఏ బిడ్డయినా మీకు తెలియని భాషలో పాడితే, పాడనిచ్చి అర్థం అడగండి.

నా వంతు పని మొదలుపెట్టాను. శిష్యుని ఊళ్ళో అతని తల్లి వయసుది, మేనత్త ఒకావిడ ఉందట. ఆవిడకు ఆ పాట మొత్తం వస్తుందేమోనని కబురు పెట్టాడు. పైవారం వెళుతున్నాం. నేను పుస్తకం, కలం పట్టుకు వస్తానన్నాను. “పుస్తకం ఎందుకు మేస్టారూ, మా వాణ్ణి తీసుకొస్తాను” అన్నాడు.

ఆవిడకు వస్తే వస్తుంది. రాకపోతే, ఆ రెండు చరణాలతోనే సరిపెట్టుకోవాలి. ఆ మిగతాది ఎందుకు పోయిందో ఊళ్ళోవాళ్ళు అడిగితే చెప్పడానికి నేనుంటాను.

సెలవు.